అంకానాం వామతో గతిః: శాసనాల్లో కుడి నుంచి లెక్క

శ్రీకాకుళం నుంచి ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. జాబితాను కుడి చివర నుంచి ఎడమకు మడుచుకుంటూ వచ్చే ఫోల్డ్ రైట్ దగ్గరికొచ్చేసరికి క్లాసంతా ఆగిపోతోంది. ‘ముందు నుంచి చేస్తే సరిపోదా మేడమ్?’ అంటారు. మన వాడుకలో దీనికి దగ్గరి పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: అచ్చంగా అదే ఉందమ్మా. ‘అంకానాం వామతో గతిః’, అంకెల నడక ఎడమకు అని. శాసనకవులు సంవత్సరాన్ని మాటల్లో కూర్చేవారు. చంద్రుడు 1, నేత్రాలు 2, బాణాలు 5. ‘చంద్ర నేత్ర బాణ’ అంటే 125 కాదు, 521. ముందు విన్న మాట ఒకట్ల స్థానానికి, తర్వాతది పదులకు, ఆపైది వందలకు వెళ్తుంది.

బోర్డు మీద ఇలా విప్పండి: 1 + 10 × (2 + 10 × (5 + 10 × 0)). బ్రాకెట్లన్నీ కుడివైపే పేరుకున్నాయి. చంద్రుడు ముందే వచ్చినా వెనకవాళ్ల లెక్క తేలేదాకా ఆగాల్సిందే. సున్నాకు బాణం కలిస్తే 5, నేత్రంతో 52, చంద్రుడితో 521. ఇదే ఫోల్డ్ రైట్.

ప్రశ్న: మన జిల్లా శాసనంతోనే మొదలుపెట్టొచ్చా మాస్టారూ?

జవాబు: ముఖలింగమే ఆనాటి కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి నుంచి ఏలిన అనంతవర్మ చోడగంగదేవుడి పట్టాభిషేక సంవత్సరం తామ్రశాసనంలో ‘నంద రంధ్ర గ్రహ’ అని ఉంది. నందవంశపు రాజులు తొమ్మిదిమంది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది, గ్రహాలూ తొమ్మిదే. శక సంవత్సరం 999, అంటే క్రీ.శ. 1078. ఎంత అందమైన సంవత్సరమో! కానీ ఎటు చదివినా ఒకటే కాబట్టి మొదటి ఉదాహరణకు పనికిరాదు. కూడికతోనూ ఇదే చిక్కు. 10, 4, 3 ఎటు నుంచి కూడినా 17. తీసివేత ఇవ్వండి. సున్నాతో మొదలుపెడితే, కుడి నుంచి 10 − (4 − (3 − 0)) = 9; ఎడమ నుంచి ((0 − 10) − 4) − 3 = −17.

ఇక ‘ముందు నుంచి చేస్తే సరిపోదా’ అన్న పిల్లల ప్రశ్న. హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అంతులేని జాబితా ఇచ్చి ‘ఇందులో సరిసంఖ్య ఉందా’ అని అడిగితే, ఫోల్డ్ రైట్ మొదటి సరిసంఖ్య తగలగానే ఉందని చెప్పి ఆగగలదు. ఆ భాష అవసరం పడేదాకా మిగతా లెక్క జోలికి పోదు, పైగా ఈ మడతలో మొదటి అంకె అన్ని బ్రాకెట్లకూ బయటే ఉంటుంది. ఎడమ మడతలో చివరి అంకె బయట ఉంటుంది. అంతులేని జాబితాలో ఆ చివర ఎప్పటికీ రాదు.