డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స) మొదలుపెడుతున్న. మొదటి నెలలు ఎట్లుంటయో తెలిసినోళ్లు చెప్పండ్రి

నయీంనగర్ అమ్మాయి:
అందరికి నమస్తే. నాకు ఇరవై ఆరేళ్లు, హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పని చేస్త. చిన్న మాటకే మీదికి పోత, కొంచెంసేపటికి ఏడుపు, తర్వాత లోపల ఏమీ లేనట్టు అయితది. స్నేహితులు ఒక్కొక్కరు దూరమైతున్నరు. సైకియాట్రిస్ట్ దగ్గరికి పోతే బార్డర్‌లైన్ పర్సనాలిటీ (భావాలు, సంబంధాలు ఒక్కతీరుగ నిలవని మానసిక సమస్య) లక్షణాలు ఉన్నయన్నరు, మందులతోటి పూర్తిగా పోయేది కాదు, డీబీటీ తీసుకోమన్నరు. మనదిక్కు దొరకలేదు. హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ ఆన్‌లైన్‌లో చేస్తమన్నరు. వారానికి ఒకసారి విడిగా, ఒకసారి గ్రూపుల. బుధవారం మొదలు.

మొదటి సెషన్‌లో ఏమడుగుతరు? గ్రూపుల నా కథంతా చెప్పాల్నా? అండ్ల మన వరంగల్ వాళ్లు ఎవరన్న ఉంటే ఎట్ల? ఎప్పటికి తేడా తెలుస్తది? ఇంట్ల బాపుకు ఇంకా చెప్పలేదు.

కాజీపేట అక్క:
చెల్లె, నేను ఏడాది కోర్సు పూర్తి చేసిన. నాకు తెలిసింది చెప్త.

మొదటి ఒకటి రెండు వారాలు అసలు థెరపీ మొదలైనట్టే అనిపించదు. "నువ్వు ఎందుకు వచ్చినవు, ఏం మారాలనుకుంటున్నవు, ఏడాది పాటు వస్తవా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ప్రాణాలతో ఉండి ఈ పని చేస్తనని మాటిస్తవా" అని అడుగుతరు. నేను వెంటనే సరే అన్న. మా మేడమ్ ఊరుకోలే. "అంత సులువుగా ఎందుకు ఒప్పుకుంటున్నవు, ఇది మస్తు కష్టం, ఒప్పుకోకపోతే నీకేం లాభం" అని తిప్పి తిప్పి అడిగిన్రు. అప్పుడు చికాకు వచ్చింది. నడుమల మానేద్దామనిపించినప్పుడు ఆ రోజు నేను చెప్పిన కారణాలే నన్ను ఆపినయి.

రెండోది, డైరీ కార్డు. రోజూ రాత్రి నింపాలె. ఆ రోజు బాధ ఎంత, కోపం ఎంత, సిగ్గు ఎంత, నన్ను నేను గాయపరుచుకోవాలన్న కోరిక ఎంత, అన్నిటికి సున్న నుంచి ఐదు దాకా అంకెలు. ఏ స్కిల్ (థెరపీల నేర్పే ఉపాయం) వాడిన, ఏది వాడలే అన్నది కూడ. మాది ఉమ్మడి ఇల్లు, కాగితం ఎవరి చేతికన్న దొరుకుతదని భయం. అందుకని పాలు, చిట్టీల లెక్క రాసే నోటుబుక్కు చివరి పేజీల్లో వట్టి అక్షరాలు, అంకెలు వేసుకున్న: "కో 4, సి 2". ఎవరు చూసినా లెక్కలే అనుకుంటరు. కార్డు నింపకుండ పోతే సెషన్ మొదటి పావుగంట అక్కడ కూసోని నింపడానికే పోతది, అది గుర్తుపెట్టుకో.

మూడోది ముందే తెలిసి ఉంటే నాకు అంత కోపం రాకపోవు. సెషన్‌లో ఏం మాట్లాడాలన్నదానికి ఒక వరుస ఉంటది. ప్రాణానికి సంబంధించింది ఏమన్న ఆ వారం జరిగితే ముందుగాల అదే. తర్వాత థెరపీకి అడ్డమొచ్చేవి, అంటే రాకపోవుడు, లేటు, కార్డు నింపకపోవుడు, అబద్ధం చెప్పుడు. ఆ తర్వాతనే ఇల్లు, ఉద్యోగం, పెండ్లి. నేను మా అత్తగారింటి గొడవ చెప్పుకుందామని పోతే మేడమ్ "మంగళవారం కార్డు మీద ఐదు ఉన్నది, ముందు దాని సంగతి చూద్దాం" అనేది. అప్పుడు గొలుసు తీసినట్టు ఒక్కొక్క ముడి అడుగుతరు. ముందురాత్రి ఎప్పుడు పండుకున్నవు? పొద్దున తిన్నవా? ఫోన్ ఎవరిది? ఆమె ఏమన్నది? నీ మనసుల మొదటి మాట ఏమొచ్చింది? ఒంట్ల ఎక్కడ తెలిసింది? తర్వాత ఏంచేసినవు? దానివల్ల ఏం తగ్గింది? ఒక్క సంఘటన మీద సెషనంతా పోతది. విసుగు, సిగ్గు రెండూ వస్తయి. కాని అట్ల నాలుగైదు సంఘటనలు తీసినంక, నిద్ర లేని రాత్రి తెల్లారినంకనే నాకు ఎక్కువ పేలుడు అయితదని కండ్ల ముందు కనపడ్డది. అంతకుముందు ఎవరు చెప్పినా నమ్మకపోదు.

చిన్నప్పటి గాయాలు మొదట్లనే తవ్వరు. ముందు నువ్వు నిలదొక్కుకోవాలె, అవి తర్వాత.

సుబేదారి 506:
గ్రూపు గురించి భయపడకండ్రి. పేరు గ్రూపు థెరపీ అంటరు గాని అది క్లాసు. సార్ ఒక స్కిల్ చెప్తరు, హోంవర్క్ ఇస్తరు, మళ్ళ వారం ఒక్కొక్కరిని "చేసినవా, ఎక్కడ ఆగినవు" అని అడుగుతరు. నీ జీవితకథ ఎవరూ అడగరు. గాయపరుచుకున్న సంగతులు గ్రూపుల వివరంగ చెప్పుకోవద్దన్నది ఒక నియమం, ఎందుకంటే ఇంకొకరికి అదే కోరిక లేస్తది. బయట ఒకరి సంగతి ఒకరు చెప్పద్దు. మా గ్రూపుల నాకు ముఖం తెలిసినాయన ఒకరు ఉండె. ఆయనా అక్కడికి నాలాగే వచ్చిండు కదా, ఏమీ కాలేదు. ఆన్‌లైన్ అయితే ఇంట్ల తలుపు పెట్టుకొని ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, అవతలోళ్ల మాట మీ ఇంట్లోవాళ్లకు వినపడద్దు.

కరీంనగర్ సైకాలజిస్ట్:
నేను క్లినికల్ సైకాలజిస్ట్‌గా పని చేస్తున్నాను. అడిగిన చెల్లికి, ఇంకా ఇది చదివే వాళ్లకు కొన్ని విషయాలు.

ఈ చికిత్సను తయారుచేసింది అమెరికాలో సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షా లినెహన్. పదే పదే ఆత్మహత్యాయత్నం చేసిన, తమను తాము గాయపరుచుకున్న స్త్రీల మీద చేసిన మొదటి పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి, చికిత్స పుస్తకం 1993లో. తాను కూడా పడుచు వయసులో ఇదే నరకం అనుభవించి ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో బహిరంగంగా చెప్పారు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

"ఎప్పటికి తేడా తెలుస్తుంది" అన్నదానికి ఆ 1991 ఫలితాల్లోనే జవాబుంది. ఏడాదిలో డీబీటీ తీసుకున్న వాళ్లు తమను తాము గాయపరుచుకోవడం తగ్గింది, ఆసుపత్రిలో చేరి ఉన్న రోజులు తగ్గాయి, మధ్యలో మానేసిన వాళ్లు తక్కువ. కానీ దిగులు, నిరాశ కొలిచినప్పుడు మామూలు చికిత్స తీసుకున్న వాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. అంటే ముందు మారేది మనం చేసే పని. లోపలి బరువు దిగడానికి ఇంకా టైము పడుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది మూడో నెలలో "నాకింకా అట్లనే ఉంది, ఇది పనిచేయదు" అని వెళ్లిపోతారు. ఆ నెలలోనే వాళ్ల కార్డు చూస్తే చాలాసార్లు గాయాలు తగ్గి ఉంటాయి.

పూర్తి డీబీటీలో నాలుగు భాగాలు ఉండాలి: వారం వారం విడి సెషన్, వారం వారం స్కిల్స్ క్లాసు (మామూలుగా రెండు రెండున్నర గంటలు), నడుమ అవసరమైతే ఫోన్ సాయం, థెరపిస్టులు తమలో తాము కూర్చొని కేసులు మాట్లాడుకునే టీము. స్కిల్స్ నాలుగు రకాలు: ఈ క్షణంలో ఉండటం, బాధను ఓర్చుకోవడం, భావాలను అదుపు చేసుకోవడం, మనుషులతో నెగ్గుకురావడం. ఒక చుట్టు దాదాపు ఇరవై నాలుగు వారాలు, చాలాచోట్ల రెండో చుట్టు కూడా చేయిస్తారు. మనవైపు ఈ నాలుగు భాగాలూ ఒకేచోట దొరకడం కష్టం. అందుకే ముందే అడగండి: గ్రూపు ఉందా, రాత్రి ఫోన్ చేయవచ్చా, ఎన్ని గంటల దాకా, ఫీజు సెషన్‌కా నెలకా, రాని సెషన్‌కు కూడా కట్టాలా. వారి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు నంబర్ అడగడం మీ హక్కు, తప్పుగా అనుకోరు. వరసగా నాలుగు వారాలు రాకపోతే ప్రోగ్రాం నుంచి తీసేస్తారన్న నియమం చాలాచోట్ల పెడతారు.

సైకియాట్రిస్ట్ ఇచ్చిన మందులు మాత్రం థెరపీ మొదలైందని మీ అంతట మీరు ఆపకండి.

జమ్మికుంట:
నా అనుభవం వేరు. నేను పోయిన చోట డీబీటీ అని పేరు చెప్పి వారానికి నలభై నిమిషాలు మాట్లాడించి పంపిన్రు. కార్డు లేదు, హోంవర్క్ లేదు, గ్రూపు లేదు. ఆరు నెలల పైసలు అట్లనే పోయినయి. చోటు పేరు ఇక్కడ రాయను. కరీంనగర్ అన్న చెప్పిన ప్రశ్నలు నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, అందుకే గట్టిగ చెప్తున్న, సిగ్గుపడకుండ అడుగు. ఇప్పుడు ఇంకొక దగ్గర సక్కగ నడుస్తున్నది.

గోదావరిఖని అమ్మ:
మా బిడ్డ ఇంటర్ చదువుతది. పిల్లల డీబీటీల తల్లిదండ్రులను కూడ క్లాసుకు రమ్మంటరు. మా ఆయన సింగరేణిల షిఫ్టులు, నేనొక్కదాన్నే పోయిన. మొదట నాకు మస్తు బాధైంది. "మేం ఏం తక్కువ చేసినం, మా పెంపకం మంచిగ లేదంటరా" అని. వాళ్లు అట్ల అనలే. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఎక్కువ సున్నితంగ ఉంటరట, భావం తొందరగ లేస్తది, ఎక్కువగ లేస్తది, దిగడానికి ఎక్కువసేపు పడతది. అట్లాంటి పిల్లకు రోజూ "గింతదానికే ఏడుస్తవా" అని వింటే తన మనసు మీద తనకే నమ్మకం పోతది. ఆ మాట మా ఇంట్ల రోజుకు ఎన్నిసార్లంటమో అప్పుడు ఎరుకైంది.

ఇప్పుడు ఆమె గిన్నె విసిరికొట్టినా ముందు "బాగ కోపమొచ్చింది కదా బిడ్డా, పరీక్ష మార్కులు చూసినంక ఎవరికన్న వస్తది" అంట. విసిరింది మంచిగ చేసినవు అనను. గిన్నె తననే తీసి పెట్టాలె. కోపం అర్థమైందని చెప్పుడు వేరు, చేసిన పనికి ఒప్పుకునుడు వేరు. ఇది నాకు రావడానికే మస్తు రోజులు పట్టింది, నాకు మా అమ్మ ఎప్పుడన్న అట్ల అంటేనా.

మంచిర్యాల:
నా భార్య చేస్తున్నది. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి రెండు చెప్త.

ఒకటి ఫోన్. రాత్రి పదకొండింటికి ఆమె థెరపిస్ట్‌కు ఫోన్ చేస్తే ఐదు పది నిమిషాల్లో అయిపోతది. గంటసేపు ఓదార్చుడు ఉండదు. "ఇప్పుడు ఏ స్కిల్ ప్రయత్నించినవు, ఇంకొకటి ఏది చేద్దాం" అంతే. ముందు నాకు కఠినంగ అనిపించింది. ఇంకా, గాయపరుచుకున్నంక ఇరవై నాలుగు గంటలు ఆ ఫోన్ సాయం ఉండదన్నది నియమం, ప్రాణం మీదికొస్తే వేరే సంగతి. గాయం చేసుకోకముందే ఫోన్ చేయాలన్నది అండ్ల ఉద్దేశం. అది మెల్లగ ఆమెకు అలవాటైంది.

రెండోది చల్లనీళ్లు. భావం పూర్తిగ తలకెక్కినప్పుడు మాటలు పనిచేయవు. ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, చల్లనీళ్లల్ల ముఖం ముంచి ముప్పై సెకన్ల దాక ఉంచితే గుండె వేగం తగ్గుతది, నీళ్లల్ల మునిగినప్పుడు ఒంటికి సహజంగ అయ్యేదే. ఇక్కడ ఒక చిక్కు. మే నెలల మా ట్యాంకు నీళ్లు నల్లా తిప్పితే కాలుతుంటయి, ముఖం పెడితే ఇంకా చిరాకు. అందుకని ఎండాకాలమంతా ఫ్రిజ్‌ల రెండు బాటిళ్లు, ఒక డబ్బాల ఐస్ ఆమెకోసమే పెడ్త, పిల్లలను ముట్టనియ్య. వెడల్పు స్టీలు గిన్నె పొయ్యి పక్కన్నే ఉంటది. గుండె జబ్బు ఉన్నోళ్లు, గుండె వేగం తగ్గించే మందు వాడేటోళ్లు, తిండి మానేసే జబ్బు ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ ఇది చేయద్దు.

మా బావ ఒకసారి "ఆసుపత్రికి తీసుకపోతే పోలీసు కేసైతది" అని ఆపబోయిండు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి, వేరేగ రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిల ఉన్నట్టే లెక్క, శిక్ష వెయ్యరు. భయపడి ఇంట్ల దాచకండ్రి. మనకు వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిల మానసిక విభాగం ఉన్నది, హైదరాబాద్ అయితే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి. రాత్రి ఎవరూ అందకపోతే 14416 టెలీ మానస్ (సర్కారు మానసిక సాయం ఫోన్ లైను), 2022 నుంచి నడుస్తున్నది, పైసలు అడగరు, తెలుగుల మాట్లాడతరు.

నయీంనగర్ అమ్మాయి:
అందరికి చాల చాల థ్యాంక్స్. గ్రూపు భయం పోయింది. ఇగ బాపుదే. క్లాసు ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాక. మా ఇంటికి ఆదివారమే చుట్టాలు వస్తరు, నన్ను పిలుస్తనే ఉంటరు. గొడవపడకుండ ఎట్ల చెప్పాలె? నేను నోరు తెరిస్తే అరుపే వస్తది.

కాజీపేట అక్క:
దీనికి స్కిల్సులనే ఒకటున్నది. జరిగింది జరిగినట్టు చెప్పు, నీకెట్లనిపిస్తదో చెప్పు, ఏం కావాల్నో సూటిగ అడుగు, ఇస్తే ఆయనకేం మంచిదో చెప్పు. నేనైతే గిట్ల రాసుకుంట:

"బాపూ, డాక్టర్ నన్ను వారం వారం ఒక క్లాసు వినమన్నరు, ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాక. ఆ టైంల చుట్టాలొస్తే నన్ను పిలుస్తరేమోనని నాకు ఇప్పటి నుంచే పరేషానుగ ఉన్నది. ఆ రెండు గంటలు నన్ను పిలవకుండ్రి. క్లాసు అయినంక వడ్డించుడు, గిన్నెలు అన్ని నేనే చూసుకుంట."

ఆయన "ఏం క్లాసు, ఏం రోగం నీకు" అని పక్కకు తీస్కపోతే జవాబు చెప్పబోకు. "అది తర్వాత మాట్లాడదాం బాపూ, ఆదివారం రెండు గంటలు" అని అదే మాట అదే గొంతుతో మళ్ళ చెప్పు. రెండో ఆదివారం కూడ ఒప్పుకోకపోతే ఏం తగ్గించుకోవచ్చో ముందే అనుకో, అంటే ఒక గంట ఇంట్ల విని, ఒక గంట స్నేహితురాలి ఇంట్ల వినుడు లాంటిది.

ఒక్క మాట. ఇవి కోపం లేని రోజుల్లనే ప్రాక్టీసు చెయ్యి. బండి నేర్చుకునేటోడు ముందు ఖాళీ గ్రౌండుల తిప్పుతడు, సీదా హన్మకొండ చౌరస్తాకు తోలుకపోడు కదా. అద్దం ముందు రెండు మూడుసార్లు చదువుకో, గొంతు ఎట్లున్నదో ఫోన్‌ల రికార్డు చేసి విను.

సుబేదారి 506:
ఈ క్షణంలో ఉండుడు అన్న స్కిల్ మొదటి వారాల్లనే వస్తది. కండ్లు మూసుకొని కూసునుడు నాతోని కాలే. సార్ "చేతితో చేసే పని ఏదన్న పూర్తిగ అండ్లనే ఉండి చెయ్యి" అన్నరు. బతుకమ్మ పేర్చేటప్పుడు చేసిన: గునుగు పువ్వు కాడ ఎంత కత్తిరించాలె, తంగేడు వరుస ఎక్కడ ఆపాలె, అంతే చూసుడు. మనసు ఆఫీసుకు పోతే మళ్ళ పువ్వు దగ్గరికి తెచ్చుకునుడు. ఎన్నిసార్లు పోయినా తప్పు కాదు, తెచ్చుకునుడే ప్రాక్టీసు అన్నరు. పూలు లేని రోజుల్ల బియ్యంల రాళ్లు ఏరుత.

నయీంనగర్ అమ్మాయి:
బాపుకు చెప్పేది రాసుకున్న అక్కా, రేపు పొద్దున ఆయన పేపర్ చదివేటప్పుడు చెప్త. ఫీజు, ఫోన్ టైము, నాలుగు వారాల నియమం బుధవారం అడుగుత. డైరీ కార్డు తెలుగుల రాసుకోవచ్చా, ఇంగ్లిషులనే ఉండాల్నా?

కరీంనగర్ సైకాలజిస్ట్:
తెలుగులోనే రాసుకోండి. అంకెలు, తేదీ స్పష్టంగా ఉంటే చాలు. మీ అక్షరాలకు అర్థం ఏమిటో మొదటి సెషన్‌లో ఒకసారి చెప్పండి. సెషన్‌కు ముందు ఫోటో తీసి పంపమంటారేమో కనుక్కోండి, ఆన్‌లైన్‌లో చాలామంది అట్లనే అడుగుతారు.