బంధుప్రీతి, ఆశ్రిత పక్షపాతం ఒకటేనా?

నార్త్ కరోలినాలో ఉంటున్నాను. షెరీఫ్ ఎన్నికల గురించి మా తెలుగు సంఘం పత్రికకి చిన్న వ్యాసం రాస్తున్నాను. షెరీఫ్ అంటే బొంబాయిలో దిలీప్ కుమార్‌కీ గవాస్కర్‌కీ ఇచ్చిన గౌరవ పదవిలాంటిది కాదు. ఇక్కడ జనం ఓటేసి గెలిపించే అధికారి, కౌంటీ (మన జిల్లాలాంటిది) జైలు ఆయన చేతిలోనే ఉంటుంది. గెలిచినాయన తనవాళ్ళని పెట్టుకోవడానికీ, అవతలివాళ్ళని తీసెయ్యడానికీ చట్టంలో కొన్ని హద్దులున్నాయి. వీటి గురించి రాసేటప్పుడు మన పేపర్లు వాడే "బంధుప్రీతి, ఆశ్రిత పక్షపాతం" జంటని వాడెయ్యొచ్చా? రెండూ ఒకటే అయితే ఒకటి కొట్టేస్తాను.

— కొట్టెయ్యకండి. మన దగ్గర ఆ రెండూ జంటగా వచ్చీ వచ్చీ అరిగిపోయాయి గానీ, మీ రాష్ట్రంలో ఆ రెంటికీ వేర్వేరు రూల్స్ ఉన్నాయి. ఉద్యోగుల్ని పెట్టుకోవడం, తీసెయ్యడం షెరీఫ్ ఇష్టమే. కాకపోతే జీతం తీసుకునేవాళ్ళు ఎంతమంది ఉండాలో కౌంటీ పాలన చూసే బోర్డు తేల్చవచ్చు. పైగా ఫస్ట్ కజిన్ కన్నా దగ్గరి చుట్టాన్ని, రక్త సంబంధమైనా పెళ్ళి సంబంధమైనా, ఉద్యోగంలో పెట్టుకోవాలంటే బోర్డు ఒప్పుకోవాలి. ఇది అచ్చంగా బంధుప్రీతి గొడవ.

తెలుగులో రాసేటప్పుడు మాత్రం ఇక్కడ జాగ్రత్త. "బావని పెట్టుకోవాలంటే అనుమతి కావాలి" అని రాశారనుకోండి, సగమే నిజం. అక్క మొగుడూ బావే, మేనత్త కొడుకూ బావే. మొదటి బావకి బోర్డు అనుమతి కావాలి, రెండో బావకి అక్కర్లేదు. పెదనాన్న కొడుకుని మనం నోరారా అన్నయ్య అంటాం, ఆ చట్టం లెక్కలో ఆయన కజినే. కాబట్టి వరస పేరు రాసి ఊరుకోకుండా చుట్టరికం విడమరిచి రాయండి.

— నాదొక మాట అండీ. ఆశ్రితుడంటే మన దగ్గరికి వచ్చి చేరినవాడు. పక్షపాతంలో పక్షం అంటే ఒక వైపు, అటు ఒరిగిపోవడం పక్షపాతం. అదే పక్షం మనకి పార్టీ కూడా కదా, అధికార పక్షం, ప్రతిపక్షం అంటాం. షెరీఫ్‌ల కేసుల్లో ఆ రెండర్థాలూ ఒకేసారి పనికొస్తాయి.

చికాగో ఉన్న కుక్ కౌంటీలో 1970లో డెమోక్రాట్ షెరీఫ్ వచ్చి, పాత రిపబ్లికన్ ఉద్యోగుల్లో సివిల్ సర్వీసు రక్షణ లేనివాళ్ళని ఇంటికి పంపాడు. ఉద్యోగం నిలవాలంటే మా పార్టీకి విధేయత ప్రకటించు, పార్టీకి పని చెయ్యి, జీతంలో కొంత ఇయ్యి, లేదా మా పార్టీ మనిషి సిఫార్సు తెచ్చుకో అన్నారు. చదువుతుంటే మన ఊరి కథలా లేదూ! 1976లో ఎల్రాడ్ వర్సెస్ బర్న్స్ కేసులో, విధాన నిర్ణయాలతో పని లేని ఉద్యోగుల్ని పార్టీ కారణంగా తీసెయ్యడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

— బానే ఉంది గానీ, ఆశ్రిత పక్షపాతం అంటే మనవాణ్ణి ఎక్కించడం. అవతలివాణ్ణి దించడం అందులో ఎక్కడ వచ్చింది? దానికి నాకు "కక్ష సాధింపు" అన్న మాటే నచ్చుతుంది. వర్జీనియాలోని హాంప్టన్‌లో 2009 ఎన్నికలయ్యాక షెరీఫ్ కొందరిని మళ్ళీ నియమించలేదు. అందులో ఒకాయన ప్రత్యర్థి ఫేస్‌బుక్ పేజీకి లైక్ కొట్టాడు. కింది కోర్టు లైక్‌ని మాట కింద లెక్కకట్టలేదు. 2013లో అప్పీల్ కోర్టు మాత్రం, లైక్ కొట్టడం ఇంటి ముందు ఎన్నికల ప్రచార బోర్డు పెట్టుకున్నట్టేనని, అదీ భావ ప్రకటనేనని తేల్చింది.

— అయితే మా నార్త్ కరోలినాలో డిప్యూటీలకి, అంటే షెరీఫ్ కింద పనిచేసే అధికారులకి, అలాంటి రక్షణ పూర్తి స్థాయిలో లేదండి. 2016లో మెక్లెన్‌బర్గ్ కౌంటీ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, డిప్యూటీ కౌంటీ ఉద్యోగి కాదు, షెరీఫ్ మనిషి అంది. కౌంటీ ఉద్యోగుల్ని పార్టీ చందాల ఒత్తిడి నుంచి కాపాడే చట్టం వాళ్ళకి వర్తించదంది. ఇక్కడ "ఆశ్రితుడు" చక్కగా సరిపోతుంది. కక్ష సాధింపు కూడా తీసుకుంటున్నాను. మరి పదవి దిగిపోయే ముందు పెట్టే ఖర్చులకి హద్దుల సంగతో?

— ఖర్చుకి మిసిసిపీ చూడండి. అక్కడ షెరీఫ్ బడ్జెట్‌కి ఆమోదం చెప్పేది కౌంటీ బోర్డు, ఆ బోర్డుకే కళ్ళెం వేశారు. పదవీకాలం చివరి ఏడాది అక్టోబరు 1 నుంచి జనవరి 1 దాకా రోడ్లు, వంతెనల పద్దులో నాలుగో వంతు మించి ఖర్చు పెట్టకూడదు. ఆర్థిక సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది, మూడు నెలలకి నాలుగో వంతు, లెక్క సరిపోయింది. చివరి ఆరు నెలల్లో, ఎన్నికల్లో మళ్ళీ గెలిస్తే తప్ప, యంత్రాలు కొనకూడదు కూడా. ఆ నాలుగో వంతు హద్దుకి అత్యవసరమైతే మినహాయింపు ఉంది. ఇలాంటి బోర్డుకి "ఆపద్ధర్మ" అని రాయకండి, వాళ్ళింకా పూర్తి అధికారంలోనే ఉంటారు. "దిగిపోయే బోర్డు" అంటే చాలు. "బడ్జెట్ ఐటమ్"కి పద్దు ఉండగా వేరే మాట ఎందుకు?