సీఎస్‌ఈ నుంచి ట్రిపుల్ ఈకి మారాలనుంది, దారి ఉందా?

ప్రొద్దుటూరు_పాప:

మాది ప్రొద్దుటూరు. కర్నూలు దగ్గర, జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉండే ఒక కాలేజీలో కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ చదువుతున్నాను. ఫస్టియర్ సెకండ్ సెమ్. సీఎస్‌ఈలోకి ఎట్లా రావాలని అడిగేవాళ్లే అందరూ. నాకు మాత్రం ట్రిపుల్ ఈకి, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్‌కి పోవాలని ఉంది.

మా నాయనకు మోటారు వైండింగ్ షాపు ఉంది. రైతులు తెచ్చే బోరు మోటార్లే ఎక్కువ. సెలవులొస్తే నేనూ అక్కడే కూర్చుని కాయిళ్లు చుడతాను. కాలిన మోటారు విప్పగానే మా నాయన లోపలికి చూసి, "ఒక ఫేజు పోయినా నడిపినారు" అని చెప్పేస్తాడు. మూడు ఫేజుల కాయిళ్లలో రెండు మాడిపోయి ఒకటి కొత్తదానిలా ఉంటే స్టార్ కనెక్షన్ (మూడు కాయిళ్ల ఒక్కో కొసను ఒకేచోట కలపడం). ఒకటే మాడి రెండు బాగుంటే డెల్టా (మూడింటినీ త్రిభుజంలా కలపడం). ఎందుకట్లా అంటే ఆయనకు చెప్పడం రాదు, చూసి చూసి తెలిసిన విషయం. మొన్న బేసిక్ ఎలక్ట్రికల్ సార్‌ను అడిగితే బోర్డు మీద గీసి చూపించారు. స్టార్‌లో ఒక ఫేజు పోతే మిగిలిన రెండు కాయిళ్లు సిరీస్‌లో పడి మొత్తం కరెంటు వాటిలోనే పోతుందట, మూడోదానికి ఏమీ అందదు. డెల్టాలో అయితే ఒక కాయిల్ మీదే పూర్తి వోల్టేజీ పడుతుంది, మిగతా రెండూ సిరీస్‌లో ఉండి దాన్ని సగం సగం పంచుకుంటాయి. ఆ రోజు హాస్టల్‌కు వచ్చి మా నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. కోడింగ్‌లో మార్కులు బాగానే వస్తున్నాయి కానీ ఇంత ఇష్టం దాని మీద ఎప్పుడూ కలగలేదు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. "ఈ మసి నీకొద్దు పాపా" అంటాడు నాయన. కాలేజీ ఆఫీసులో కుదరదన్నారు. ఒక సీనియర్ మాత్రం సెకండియర్ మొదట్లో డబ్బు కడితే మారుస్తారని చెప్పింది. ఏది నిజం?

కడప_నాన్న:

అమ్మా, నాకూ నీ వయసు కూతురుంది. సీఎస్‌ఈ సీటు కోసం ఎంతమంది తల్లిదండ్రులు ఎదురుచూస్తారో కౌన్సెలింగ్ సమయంలో చూశాను. డిగ్రీ పూర్తి చేసుకో. కరెంటు మీద ఇష్టం ఎక్కడికీ పోదు, తర్వాతైనా నేర్చుకోవచ్చు.

సబ్‌స్టేషన్_అన్న:

చెల్లెమ్మా, ఆఫీసువాళ్లు చెప్పిందే నిజం. జేఎన్‌టీయూ బీటెక్ రెగ్యులేషన్స్‌లోనే ఉంటుంది, అడ్మిషన్ల ప్రక్రియ ముగిశాక బ్రాంచ్ మార్పిడి లేదని. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మీ బ్యాచ్ రెగ్యులేషన్ పీడీఎఫ్ దించుకుని నువ్వే చదువుకో. ఫస్టియర్ అయ్యాక సీజీపీఏ చూసి బ్రాంచ్ మార్చడం ఎన్ఐటీల్లాంటి చోట్ల ఉన్న పద్ధతి. అది విని మనకూ ఉంటుందనుకుంటారు పిల్లలు. డబ్బు మాట ఎవరెత్తినా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. యూనివర్సిటీ రికార్డులో నీ బ్రాంచ్ సీఎస్‌ఈ అని ఉన్నాక కాలేజీ తనంతట తాను మార్చలేదు.

నేను ట్రిపుల్ ఈ చదివి కడప జిల్లాలో సబ్‌స్టేషన్‌లో పనిచేస్తున్నాను కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. కడప_నాన్నగారు తర్వాత నేర్చుకోవచ్చన్నారు. నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు, చిక్కంతా ఉద్యోగం దగ్గర వస్తుంది. డిస్కంలో, ట్రాన్స్‌కోలో ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టు పడితే ఎలక్ట్రికల్ డిగ్రీ అడుగుతారు. పవర్‌గ్రిడ్, ఎన్టీపీసీ గేట్ స్కోరుతో తీసుకునే ఎలక్ట్రికల్ పోస్టులకూ అంతే. సీఎస్‌ఈ చదివినవాళ్లు గేట్‌లో ఎలక్ట్రికల్ పేపరు రాయొచ్చు, దానికి అడ్డు లేదు. కానీ మంచి స్కోరు వచ్చినా ఆ పోస్టుకు అర్హత రాదు. సీఎస్‌ఈలో ఉంటూ ట్రిపుల్ ఈలో మైనర్ (అదనంగా ఆ బ్రాంచ్ సబ్జెక్టులు కొన్ని చదవడం) చేసినా ఇదే పరిస్థితి. మైనర్‌తో సబ్జెక్టు వస్తుంది, డిగ్రీ పేరు మారదు.

అందుకే ముందు నీకు కావలసింది ఏదో తేల్చుకో. మోటారు డ్రైవ్‌లు, స్మార్ట్ మీటర్లు, సోలార్ ప్లాంటు మానిటరింగ్ లాంటివైతే కోడింగ్, కరెంటు రెండూ తెలిసినవాళ్లకే విలువ. సీఎస్‌ఈ, దాంతోపాటు మైనర్ సరిపోతుంది. నువ్వు కర్నూలులోనే ఉన్నావు కదా, ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఒకసారి వెళ్లి చూడు. అలా కాకుండా ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్లు, గ్రిడ్ కావాలంటే మళ్లీ ఈఏపీసెట్ రాయడమే దారి. ఏడాది పోతుంది. కానీ నా దృష్టిలో అది తప్పేమీ కాదు. 160 మార్కుల్లో మ్యాథ్స్ 80, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. సీఎస్‌ఈ సీటు తెచ్చుకున్నదానివి, ట్రిపుల్ ఈకి అంత ర్యాంకు అక్కర్లేదు.

ల్యాబ్_మేడమ్:

నేను ట్రిపుల్ ఈ పాఠాలు చెబుతాను. మీ నాయన మాడిన కాయిల్ చూసి కారణం చెప్పడం చిన్న విద్య కాదు. మా విద్యార్థుల్లో చాలామందికి థర్డ్ ఇయర్‌లో కూడా అది రాదు. అయినా ఒక మాట. ట్రిపుల్ ఈ అంటే మోటార్లే కాదు. ఎలక్ట్రోమాగ్నటిక్ ఫీల్డ్స్, కంట్రోల్ సిస్టమ్స్, పవర్ సిస్టమ్స్‌లో లెక్కలు చాలా ఉంటాయి. నీ సెకండ్ సెమ్‌లో డేటా స్ట్రక్చర్స్ ఉంటే వాళ్లకు సర్క్యూట్ అనాలిసిస్ ఉంటుంది. వాళ్ల పుస్తకం తీసుకుని నెల రోజులు చదువు, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్ ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. నెట్‌వర్క్ థియరమ్స్ దగ్గర విసుగు రాకపోతే అప్పుడు పరీక్ష రాయి. నెల తర్వాత కూడా కాయిళ్ల మీదే మనసుంటే, లెక్కలు భారమనిపిస్తే, సీఎస్‌ఈలోనే ఉండి సెలవుల్లో షాపులో పనిచెయ్యి.

ప్రొద్దుటూరు_పాప:

అన్నా, మేడమ్, చాలా థాంక్స్. ఆఫీసువాళ్లు ఊరికే వద్దంటున్నారేమో అనుకున్నాను, రూల్ ఉందని ఇప్పుడు అర్థమైంది. సర్క్యూట్స్ పుస్తకం మా రూమ్మేట్ దగ్గరే ఉంది, ఈ రాత్రే మొదలుపెడతాను. నాకు కావలసింది సబ్‌స్టేషన్ పనే అనిపిస్తోంది. ఒకవేళ మళ్లీ సీటు వస్తే, ఇక్కడ వదిలేటప్పుడు సర్టిఫికెట్లు ఇస్తారా? ఆ టెన్షన్ ఒకటి ఉంది.

సబ్‌స్టేషన్_అన్న:

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నోటి మాటగా అడగొద్దు, ప్రిన్సిపాల్ పేరున అర్జీ రాసి అందినట్టు సంతకం తీసుకో. టీసీ మాత్రం కొత్త సీటు అలాట్‌మెంట్ వచ్చాకే అడుగు, ముందే తీసుకుంటే ఉన్న సీటు పోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదటి ఏడాదికి తీసుకుని ఉంటావు కాబట్టి, రెండోసారి చేరితే వస్తుందా రాదా అన్నది వెబ్ ఆప్షన్లు పెట్టకముందే హెల్ప్‌లైన్ సెంటర్‌లో కనుక్కో. రాకపోతే నాలుగేళ్ల ఫీజు ఎంతవుతుందో లెక్క వేసి, ఆ కాగితం మీ నాయన ముందు పెట్టి మాట్లాడు.