రంగుల పెట్టె పిల్లల చేతికివ్వాలా, బడి బీరువాలో ఉంచాలా?

పాత విద్యార్థి, ప్రకాశం జిల్లా:
మా ఊరి ప్రాథమిక బళ్లో చదువుకున్నవాళ్లం ఏటా తలా కొంత వేసుకుని బడికి ఏదో ఒకటి కొనిస్తుంటాం. పుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫాం గుడ్డ ఎలాగూ సర్కారు కిట్టులో వస్తున్నాయి. 2020లో విద్యాకానుకగా మొదలైంది, ఇప్పుడు విద్యార్థి మిత్ర అంటున్నారు. అందులో రంగులు లేవు. అందుకే ఈసారి రంగులే కొందామనుకున్నాం. పిల్లలు 62 మంది, దాదాపు అందరివీ కూలికెళ్లే ఇళ్లు. తలా ఒక పెట్టె ఇచ్చి ఇంటికి పంపుదామని నేనంటున్నా. మంచి సరుకు కొన్ని పెట్టెలు కొని బళ్లోనే ఉంచుదామని మిగతావాళ్లు. ఏది సబబు?

బడిపంతులు:
బళ్లోనే ఉంచండి. ఇంటికి పంపితే వారం తిరక్కుండా సగం పోతాయి. తమ్ముడు విరుస్తాడు, చెల్లి నోట్లో పెట్టుకుంటుంది. పైగా నేర్పేదెవరు? విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 దాటితేనే పార్ట్‌టైం ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్. మీ ఊరిలాంటి చిన్న బడికి ఆ మాటే లేదు. లెక్కలు చెప్పే మేమే బొమ్మలూ చూసుకోవాలి. ఇంకో మాట, అసలు కరువు రంగులకు కాదు, తెల్ల కాగితానికి. గీతల నోటుబుక్కులో ఏనుగు బొమ్మ వేస్తే ఒళ్లంతా గీతలే.

కూలి ఇంటి తల్లి:
మాస్టారూ, మీ మాట కాదనను గానీ బీరువా సంగతి నేను చూశాను. మా పాప బడికి దాతలెవరో క్రేయాన్స్ ఇచ్చారు. ఫొటో తీశారు, తాళం వేశారు. పంద్రాగస్టుకు ఒకసారి తీశారట. ఎండాకాలం సెలవులయ్యాక చూస్తే అన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా పాప దగ్గర అగ్గిపెట్టెలో దాచుకున్న ఎర్రముక్క ఒకటుంది, చిటికెన వేలి గోరంత. మందారప్పువ్వు వేసి అంచు మాత్రమే దిద్దుతుంది. లోపల కూడా వెయ్యవే అంటే, "నిండా రుద్దితే అయిపోద్దమ్మా" అంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల రంగును ఉప్పుకన్నా పొదుపుగా వాడుతోంది. తమ్ముడు విరిస్తే విరవనివ్వండి, వాడికీ రంగులు కావాలిగా.

కలంకారీ ఇంటివాడు, శ్రీకాళహస్తి:
కొనడం దేనికి? మా ఇంట్లో పాత ఇనుము, బెల్లం నీళ్లలో నానేసి నల్లరంగు చేస్తాం. బొగ్గు, పసుపు, ఎర్రమట్టి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. చేతులతో చేసుకున్న రంగు విలువ పిల్లలకు తెలుస్తుంది.

పాత విద్యార్థి:
అన్నా, మీ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ నలుపు ఊరడానికే వారాలు పడుతుంది. అదీ కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీదే నల్లగా తేలుతుంది, నోటుబుక్కు మీద కాదు. ఒకరోజు మీరే వచ్చి చేసి చూపిస్తే పిల్లలు కళ్లింతలు చేసుకుని చూస్తారు, తప్పకుండా రండి. కానీ టౌన్లో పిల్లలకు 24 రంగుల పెట్టె, మా పిల్లలకు ఆకుపసరు అంటే మాత్రం ఒప్పుకోలేను.

అగ్గిపెట్టెలో ముక్క సంగతి చదివాక మావాళ్లకు చూపించాను. ఇద్దరు మా వైపు వచ్చారు. 62 పెట్టెలూ పిల్లలకే ఇస్తాం, మూత మీద ఎవరి పేరు వాళ్లచేతే రాయిస్తాం. అయిపోయినవాళ్లకు సంక్రాంతికి మళ్లీ ఇవ్వడానికి కొంత డబ్బు పక్కన పెడతాం. అయిపోవడాన్ని తప్పుగా చూడొద్దని హెడ్‌మాస్టరు గారికి ముందే చెబుతా.

బడిపంతులు:
పోనీ అలాగే కానివ్వండి. కాగితం మాత్రం బడికే ఇవ్వండి. అది ఇంటికి పంపితే పొయ్యిలోకి పోతుంది.

కూలి ఇంటి తల్లి:
మా ఇంట్లో పోదు మాస్టారూ. పాప బొమ్మలన్నీ బియ్యం డబ్బా కింద పెట్టాను.