మునగాకు ఎక్స్‌ట్రాక్ట్‌లో పచ్చరంగు ఎలా తీస్తున్నారు?

గుంటూరు_ఫార్మసీ: ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్నాను. మునగాకు నీడన ఆరబెట్టి, పొడి చేసి, మూడు రోజులు మిథనాల్‌లో నానబెట్టాను. వడగడితే సిరాలా చిక్కటి పచ్చ వచ్చింది. ఫీనాలిక్స్ (యాంటీఆక్సిడెంట్ పదార్థాలు) ఎంతున్నాయో చూడాలి, డీపీపీహెచ్ అనే యాంటీఆక్సిడెంట్ పరీక్ష చెయ్యాలి, ఈ రంగుతో రీడింగులు నమ్మలేను. యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి వేడిచేసి వడగడితే నీళ్లలా తేటగా దిగింది. కానీ ఫీనాలిక్స్ ఉంటే నీలం రావాల్సిన ఫోలిన్ టెస్ట్‌లో నీలం రానేలేదు. రెండు వారాల పని పోయింది. చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_ల్యాబ్: మీ ఫీనాలిక్స్ చార్‌కోల్‌తోనే పోయాయండి. బల్లపరుపుగా ఉండే అణువులను అది గట్టిగా పట్టేస్తుంది. ఆకుకి పచ్చరంగునిచ్చే క్లోరోఫిల్ అణువు తల అలాంటిదే, మునగాకులోని క్వెర్సెటిన్ అనే ఫీనాలిక్ కూడా అలాంటిదే. గోంగూరలో పురుగుమందుల అవశేషాలు చూసేటప్పుడు మేం జీసీబీ అనే కార్బన్ పొడి వాడతాం. అది కాస్త ఎక్కువైతే చాలు, బల్లపరుపుగా ఉండే థయాబెండజోల్ అనే మందు రికవరీ పడిపోతుంది.

నేలవేము: నా అనుభవం వేరు. నేలవేములో ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదు పదార్థం కోసం చార్‌కోలే వాడాను, స్ఫటికాలు తెల్లగా వచ్చాయి. మీకు ఏం మిగలాలో దాన్నిబట్టి పద్ధతి ఎంచుకోండి.

గుంటూరు_ఫార్మసీ: మిగిలిన ఎక్స్‌ట్రాక్ట్‌లో నిన్న హెక్సేన్ పోసి ఊపాను. అసలు పొరలే విడలేదు, మొత్తం ఒకటే ద్రవం అయిపోయింది. హెక్సేన్ కల్తీదేమో?

పాత_లెక్చరర్: కల్తీ కాదమ్మా, మన ఎండ. నీళ్లు లేని మిథనాల్, హెక్సేన్ చల్లగా ఉన్నప్పుడు విడిగా ఉంటాయి. సుమారు 35 డిగ్రీలు దాటితే పూర్తిగా కలిసిపోతాయి. మే నెలలో గుంటూరు ల్యాబులో ఏసీ లేకపోతే జరిగేది అదే. 90 పాళ్లు మిథనాల్‌కి 10 పాళ్లు నీళ్లు కలిపి, అప్పుడు హెక్సేన్ పోయండి. క్లోరోఫిల్‌కి ఫైటాల్ అని 20 కార్బన్ల పొడవాటి తోక ఉంటుంది. నీళ్లు తగిలేసరికి అది హెక్సేన్‌లోకి ఎక్కుతుంది, ఫీనాలిక్స్ కింద ఉండిపోతాయి. గట్టిగా ఊపొద్దు, నురగ కట్టి గంటలకొద్దీ విడదు. కడితే కాస్త ఉప్పునీళ్లు పొయ్యండి. ఊపిన ప్రతిసారీ సెపరేటింగ్ ఫన్నెల్ (పొరలు విడదీసే కుళాయి గాజుపాత్ర) తిరగేసి కుళాయి తెరిచి గాలి వదలండి. హెక్సేన్ ఆవిరి నరాలకు మంచిది కాదు, మంట కూడా దగ్గర ఉండకూడదు. ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యండి.

బెజవాడ_ల్యాబ్: హెక్సేన్ దొరక్కపోతే మిథనాల్‌ని రోటావేపర్‌లో చాలావరకు తీసేసి, నీళ్లు పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకి పచ్చటి జిగురు అడుగున దిగుతుంది. సీలైట్ అనే వడపోత పొడి పరిచి వడగట్టాలి, వట్టి ఫిల్టర్ పేపర్ ఐదు నిమిషాల్లో పూడుకుపోతుంది.

నేలవేము: ఎవరైనా యాసిడ్ వెయ్యమంటే వెయ్యకండి. క్లోరోఫిల్ మధ్యలో ఉండే మెగ్నీషియం ఊడి ఫియోఫైటిన్ అనే వేరే రంగు పదార్థం అవుతుంది. పచ్చ కాస్తా ఆలివ్ గోధుమరంగుకు మారుతుంది, అంతే. ఇంకా మిగిలిందేమో చూడాలంటే చీకట్లో 365 నానోమీటర్ల యూవీ లైటు వెయ్యండి, క్లోరోఫిల్ ఉంటే ఎర్రగా మెరుస్తుంది.

గుంటూరు_ఫార్మసీ: చేశానండీ! కొత్తగా నానబెట్టి, నీళ్లు కలిపి మూడుసార్లు హెక్సేన్‌తో కడిగాను. మొదటిసారి పైపొర ముదురు పచ్చ, మూడోసారి లేత చిలకపచ్చ. కింది పొర తేనెరంగుకి వచ్చింది. యూవీలో ఎరుపు దాదాపు లేదు. ఫోలిన్‌లో నీలం వచ్చింది! డీపీపీహెచ్‌లో 517 నానోమీటర్ల దగ్గర ఆ తేనెరంగు ఏమైనా అడ్డొస్తుందా?

పాత_లెక్చరర్: కొంచెం వస్తుందమ్మా. ప్రతి గాఢతకీ డీపీపీహెచ్ లేకుండా, ఎక్స్‌ట్రాక్ట్, మిథనాల్ మాత్రమే ఉన్న బ్లాంక్ విడిగా పెట్టుకుని, ఆ రీడింగ్ తీసెయ్యండి.