12 ఏళ్ల పిల్లకు ప్రాచీన చరిత్ర: ఉన్న పాఠ్యప్రణాళికను ఎలా మార్చుకోవాలి?

ఇంటిబడి (ప్రశ్న)

నమస్కారం. మా అమ్మాయికి 12 ఏళ్లు. బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుంటోంది. ఈ విద్యాసంవత్సరానికి ప్రాచీన చరిత్రను తీసుకున్నాము. మేము ఎంచుకున్న పాఠ్యప్రణాళిక మిడిల్ స్కూల్ పిల్లల కోసం తయారైనదే. అది సుమేరు నగరాలతో మొదలై ఈజిప్టు, సింధు నాగరికత, పర్షియా, గ్రీసు, మౌర్యులు, చైనాల మీదుగా సాగి, క్రీ.శ. 476లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యం ముగియడంతో ఆగుతుంది. వారానికి ఒక అధ్యాయం, దాని చివర ఖాళీలు పూరించే ప్రశ్నలు, రంగులు వేయవలసిన పటం, ఒక చేతిపని ఉంటాయి.

పుస్తకం చెడ్డదని అనను. కానీ వారమంతా సాగవలసిన అధ్యాయాన్ని ఆమె ఒక్క పూటలో చదివేసి, ఖాళీలన్నీ తప్పు లేకుండా నింపేసి, ఆ తరువాత పుస్తకంలో జవాబు లేని ప్రశ్నలు అడుగుతోంది. "ఈ సంగతి వీళ్లకు ఎలా తెలిసింది?" అన్నది వాటిలో తరచుగా వచ్చే ప్రశ్న. పై తరగతుల పుస్తకం ఇవ్వాలా, దీన్నే సగం కాలంలో ముగించి మధ్యయుగాలకు వెళ్లిపోవాలా, లేక దీన్ని ఉంచుకుని అదనంగా ఏమైనా చేర్చాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

మరో రెండు చిక్కులు ఉన్నాయి. చదవడంలో వయసుకు మించి ముందున్న పిల్ల, రాయడంలో మాత్రం తన ఈడు వారిలాగే ఉంది. అరగంట సేపు ఎంతో వివరంగా చెప్పిన విషయాన్ని కాగితం మీద పెట్టమంటే నాలుగు వాక్యాలు దాటవు. రెండవది, ప్రాచీన రచనలను నేరుగా చదివిస్తే వాటిలోని హింసను ఈ వయసు పిల్లకు ఎంతవరకు చూపించవచ్చన్న సందేహం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతరాతలు

పై తరగతుల పుస్తకం ఇచ్చినంత మాత్రాన ఆమె ప్రశ్నకు జవాబు దొరకదండీ. అందులో పేర్లు, సంవత్సరాలు ఎక్కువగా ఉంటాయి తప్ప, అవి మనకు ఎలా తెలిశాయో అక్కడ కూడా చాలా వరకు చెప్పరు. నా సలహా ఏమిటంటే, ఇప్పుడున్న పుస్తకాన్ని వెన్నెముకగా అలాగే ఉంచండి. ఖాళీలు పూరించడం, రంగులు వేయడం మానేసి, అలా మిగిలిన సమయాన్నంతా ఆమె అడుగుతున్న ఆ ఒక్క ప్రశ్నకే ఇవ్వండి. అయితే ప్రతి అధ్యాయానికీ ఇలా చేయబోతే మీరూ అలసిపోతారు, ఆమె కూడా విసిగిపోతుంది. సంవత్సరం మొత్తానికి ఆరో ఏడో అంశాలు ఎంచుకుని, వాటి దగ్గర రెండు మూడు వారాలు నిలవండి. మిగిలినవి ఆమె తన వేగంతో చదువుకుపోవచ్చు.

ఎంచుకునేటప్పుడు ఒక కొలమానం పెట్టుకోండి: ఒకే సంఘటన గురించి పొసగని ఆధారాలు రెండైనా ఉండాలి. ఉదాహరణకు నేటి సిరియాలో ఉన్న కాదేశ్ పట్టణం దగ్గర జరిగిన యుద్ధం. క్రీ.పూ. 1274 ప్రాంతంలో ఈజిప్టు రాజు రెండవ రామ్సెస్, అనటోలియాను (నేటి టర్కీ) ఏలిన హిట్టైట్ల రాజు మువతల్లి సైన్యాలు తలపడ్డాయి. రామ్సెస్ తానొక్కడే నిలిచి శత్రువులను చెదరగొట్టానని అబూ సింబెల్, లక్సర్, కర్నాక్ ఆలయాల గోడల మీద చెక్కించుకున్నాడు. యుద్ధం తరువాత కాదేశ్ మాత్రం హిట్టైట్ల చేతిలోనే ఉండిపోయింది. సుమారు పదిహేనేళ్ల తరువాత రెండు రాజ్యాలూ సంధి చేసుకున్నాయి. ఆ సంధి పాఠం ఒకటి కర్నాక్ గోడ మీద ఈజిప్టు లిపిలోను, మరొకటి హిట్టైట్ల రాజధాని హట్టూషా శిథిలాలలో దొరికిన మట్టి పలకల మీద అక్కాడియన్ భాషలోను నిలిచి ఉన్నాయి. కర్నాక్ పాఠానికి ఉన్న ముందుమాటలో హిట్టైటు దూతలు శాంతిని వేడుకుంటూ వచ్చారని ఉంటుంది. హట్టూషా పలకల మీద అటువంటి మాట లేదు. ఎవరు గెలిచారని అడగకుండా, ఎవరు ఎవరికి వినిపించడానికి ఇది రాయించారని అడిగి చూడండి. 12 ఏళ్ల పిల్లలు ఇటువంటి ప్రశ్నలతో పెద్దలకన్నా మొండిగా తలపడతారు.

బాబిలోను రాజు హమ్మురాబి శాసనం కూడా ఇలాగే ఉపయోగపడుతుంది. "కంటికి కన్ను" అన్న ఒక్క మాటతో చాలా పుస్తకాలు దాన్ని దాటవేస్తాయి. 196వ నిబంధన తరువాత 198, 199 నిబంధనలను కూడా చదివించండి. కన్ను పోగొట్టుకున్నది ఉన్నత వర్గం వాడైతే శిక్ష కన్ను, సామాన్యుడైతే ఒక మినా (ఆ కాలపు తూకం) వెండి, బానిస అయితే అతడి వెలలో సగం. ఆ కాలపు తీర్పులను తెలిపే మట్టి పలకలు ఎన్నో దొరికాయి కానీ, అవి ఈ శాసనాన్ని ఆధారంగా ఉదహరించడం చాలా అరుదు. మరి ఇది నిజంగా అమలైన చట్టమా, లేక నేను న్యాయమైన రాజునని చాటుకోవడానికి నిలబెట్టిన రాయా? పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయమిది. పుస్తకం వెనుక జవాబు లేని ప్రశ్న ఒకటి ఉందని తెలియడం ఇటువంటి పిల్లలకు ఎంతో అవసరం.

అశోకుడి దగ్గర మరొక రకం ఆధారం ఉంది: రాయకుండా వదిలేసినది. 13వ శిలాశాసనంలో ఆయన కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ చెప్పి పశ్చాత్తాపపడతాడు. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగఢలలో మాత్రం ఈ శాసనం లేదు. దాని స్థానంలో వేరే శాసనాలు చెక్కించారు. ఎందుకై ఉంటుందో ఆమెనే ఊహించి వాదించనివ్వండి.

కాలరేఖ

పై సలహాతో నాకు సగమే ఏకీభావం. ఆధారాలను ప్రశ్నించడం మంచిదే కానీ, దేని తరువాత ఏది జరిగిందో, ఒకే కాలంలో ఎక్కడెక్కడ ఏమి జరిగిందో తెలియని పిల్ల చేసే విమర్శకు నిలకడ ఉండదు. వేగంగా చదివే పిల్లలు కథను పట్టుకుంటారు, కాలాన్ని వదిలేస్తారు. అందుచేత వర్క్‌షీట్లు మానేసినా కాలరేఖను మాత్రం మానవద్దు. ఒకే గీతగా కాకుండా, ప్రాంతానికి ఒక నిలువు వరుస చొప్పున పక్కపక్కన గీయించండి. క్రీ.పూ. 1250 దగ్గర అడ్డంగా చూస్తే ఈజిప్టులో రామ్సెస్, అనటోలియాలో హిట్టైట్లు, గ్రీసులో మైసీనియన్ కోటలు, చైనాలో ఎముకల మీద ప్రశ్నలు చెక్కించి జోస్యం అడిగిన షాంగ్ రాజు వూ డింగ్ కనిపించాలి. మరో వందేళ్లు కిందికి జరిగితే హిట్టైటు సామ్రాజ్యం లేదు, మైసీనియన్ రాజప్రాసాదాలు తగలబడి పోయాయి, చైనాలో షాంగ్ వంశం మాత్రం నిలిచే ఉంది. ఈ తేడా ఎందుకన్న ప్రశ్న కాలరేఖ గీసిన పిల్లకే తడుతుంది.

గణితం కూడా కలపవచ్చు. క్రీ.పూ. 1 తరువాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 63 సెప్టెంబరులో పుట్టిన అగస్టస్, క్రీ.శ. 14 ఆగస్టులో చనిపోయేనాటికి అతడి వయసెంత అని అడగండి. తొందరపడే పిల్లలు 77 అంటారు. జవాబు 75.

సగం కాలంలో ముగించే ఆలోచనను మాత్రం పక్కన పెట్టండి. ప్రాచీన చరిత్రను హైస్కూల్ స్థాయిలో మళ్లీ చదవవలసి వస్తుంది కనుక ఇప్పుడు అన్నీ తోడేయనక్కరలేదు. గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన మీలోస్ సంవాదం వంటివి అప్పటికి అట్టే పెట్టుకోవచ్చు.

గింజలలెక్క

రాయడం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను అందుకుంటున్నాను. చదవడంలో పై స్థాయిలో ఉన్న పిల్ల రాతలో కూడా అదే స్థాయిలో ఉండాలని మనం తెలియకుండానే ఆశిస్తాము. రెండు వేర్వేరు నైపుణ్యాలను ఒకే తాటికి కట్టవద్దు. చరిత్ర పాఠంలో ఆమె ఆలోచనను నోటితో చెప్పించి వినండి, అవసరమైతే ఆమె చెప్పినది మీరే రాసిపెట్టండి. రాతపనిగా వారానికి ఒక్క పేరా చాలు. అందులో ఒక నిర్ణయం, దానికి ఆధారం, దానికి ఎదురు నిలిచే ఆధారం ఒకటి ఉండాలి. పేరా ఎంత పొడవుందో చూడకండి. అసలు వ్యాసాలు సంవత్సరం చివర మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

రాయడానికి మొరాయించే పిల్లలకు లెక్క ఉన్న అంశం ఇస్తే కలం కదులుతుంది. నాకు బాగా నచ్చినది గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన చరిత్ర ఏడవ పుస్తకంలో ఉంది. క్రీ.పూ. 480లో గ్రీసు మీదికి వచ్చిన పర్షియా రాజు జెర్క్సీస్ వెంట, నావికులనూ పరిచారకులనూ కలుపుకొని మొత్తం 52,83,220 మంది ఉన్నారని ఆయన అంకె వేస్తాడు. అంతటితో ఆగకుండా, తలకు రోజుకు ఒక ఖొయినిక్స్ గోధుమలు చొప్పున దినవెచ్చం 1,10,340 మెడిమ్నోలు అవుతుందని లెక్క కడతాడు. ఇవి రెండూ గ్రీకుల ధాన్యపు కొలతలు, ఒక మెడిమ్నోస్‌కు 48 ఖొయినిక్స్‌లు. మీ అమ్మాయికి పెన్సిలు ఇచ్చి భాగించమనండి. 1,10,067 దగ్గర నాలుగు శేషంతో ఆగుతుంది. చరిత్ర పితామహుడని పేరున్న మనిషి భాగహారంలో పొరబడ్డాడని తనంతట తానే కనిపెట్టిన పిల్ల ఆ పూట నాలుగు వాక్యాలతో ఊరుకోదు.

ఆ తరువాత అసలు ప్రశ్న వేయండి. ఆధునిక చరిత్రకారులెవరూ ఈ సంఖ్యను నమ్మరు. అంతమంది వరుసగా నడిస్తే ఆ వరుస ఎంత పొడవుంటుంది, అందరికీ నీళ్లు ఎక్కడివి, ముందున్నవారు గమ్యం చేరేనాటికి వెనుకనున్నవారు ఎక్కడుంటారు? ఆమె తన ఊహలను ముందుగా రాసుకుని, వాటి మీద అంచనా కట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక సంఖ్య తప్పని తేలగానే హెరొడోటస్ మొత్తం అబద్ధమని కొట్టిపారేసే ధోరణి ఈ వయసులో వస్తుంది. ఆయన చాలాచోట్ల "ఇలా చెబుతారు, నేను మాత్రం నమ్మను" అన్న ధోరణిలో రాస్తాడని కూడా చూపించండి. అది చూడకపోతే విమర్శ కాస్తా వెక్కిరింతగా మిగులుతుంది.

ఇంటిబడి

అందరికీ ధన్యవాదాలు. పుస్తకం మార్చకుండా, కొన్ని అంశాల దగ్గర ఆగే పద్ధతికే మొగ్గుతున్నాను. నిలువు వరుసల కాలరేఖను గోడకు అంటించబోతున్నాము. అయితే రెండు సందేహాలు మిగిలాయి. హింస గురించి నేను అడిగినది అలాగే ఉండిపోయింది. రెండవది, ఒకే పక్షం మాట మిగిలిన చోట, లేదా ఎవరి మాటా మిగలని చోట ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది? కార్తేజ్, సింధు నాగరికత అధ్యాయాలు ముందున్నాయి.

పాతరాతలు

హింస సంగతి ముందు చెబుతాను. మీరు ముందుగా చదవని మూల రచనను ఆమె చేతికి ఇవ్వకండి, పూర్తి పుస్తకాలకు బదులు ఎంచిన భాగాలే ఇవ్వండి. జరిగినదాన్ని దాచడం వేరు, ప్రతి వివరాన్నీ కళ్ల ముందు పెట్టడం వేరు. క్రీ.పూ. 701లో అస్సీరియా రాజు సెన్నకెరిబ్ యూదా రాజ్యంలోని లాకిష్ పట్టణాన్ని ముట్టడించి పట్టుకున్న దృశ్యాలు నినెవేలోని అతడి రాజప్రాసాదపు గోడల మీద చెక్కి ఉన్నాయి. వాటిలో బందీలను చంపే భాగాలు చాలా దారుణమైనవి. ముట్టడి కోసం కట్టిన మట్టి దిబ్బ, నడిచిపోతున్న కుటుంబాలు ఉన్న భాగాలు చూపించి, చంపే దృశ్యాలు కూడా ఉన్నాయని మాటలతో చెబితే చాలు. ఒక రాజు తన ఇంటి గోడ మీద, అందులోనూ రాయబారులు నడిచే చోట, దీన్ని ఎందుకు పెట్టుకున్నాడన్నదే మీరు చర్చించవలసింది. అదే దండయాత్ర బైబిల్లోను, సెన్నకెరిబ్ వార్షిక వృత్తాంతాలలోను వస్తుంది. జెరూసలేము రాజు హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని చెప్పుకున్న సెన్నకెరిబ్, ఆ నగరాన్ని పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనడు.

కార్తేజ్ విషయంలో ఆ ఒకే పక్షాన్నే నిలదీయాలి. క్రీ.పూ. 146లో ఆ నగరం నాశనమైంది. ప్యూనిక్ యుద్ధాలను (రోముకూ కార్తేజ్‌కూ జరిగినవి) గురించి నేడు మనం చదివే కథనాలన్నీ గ్రీకులూ రోమన్లూ రాసినవే. వాటిలో ముఖ్యుడైన పాలిబియస్ ఆ విధ్వంసాన్ని స్వయంగా చూసినవాడు, రోమన్ సేనాని స్కిపియోకు సన్నిహితుడు కూడా. ఆ సాన్నిహిత్యం అతడికి ఏమి తెలిసేలా చేసింది, ఏమి రాయనివ్వకుండా చేసి ఉంటుంది అని రెండు జాబితాలు వేయించండి. కార్తేజ్ గ్రంథాలలో మాగో రాసిన వ్యవసాయ గ్రంథాన్ని మాత్రం రోమన్ సెనేట్ లాటిన్‌లోకి అనువదించమని ఆదేశించింది. గెలిచినవాళ్లు దేన్ని దాచుకోదగినదిగా ఎంచారో దాన్నిబట్టి తెలుస్తుంది.

సింధు నాగరికత లిపిని ఇంతవరకు ఎవరూ అందరూ ఒప్పుకునేలా చదవలేదు కనుక, అక్కడ ఒక నియమం పెట్టండి: వస్తువు చెప్పనిదేదీ రాయకూడదు. కాల్చిన ఇటుకల కొలతలు 1:2:4 నిష్పత్తిలో ఉండటం, దూర దూరపు నగరాలలో ఒకే పద్ధతి తూకపు రాళ్లు దొరకడం, మొహెంజొదారోలో మురుగు కాలువలు, ఇంతవరకు రాజప్రాసాదమని తేల్చి చెప్పగలిగిన కట్టడమేదీ బయటపడకపోవడం ఆమె ముందు పెట్టండి. వీటినుంచి "ఒక గట్టి పరిపాలన ఉండేది" అనవచ్చా, "రాజు లేడు" అనవచ్చా? ప్రతి వాక్యం పక్కన నిశ్చయం, సంభావ్యం, ఊహ అన్న మూడింటిలో ఒకటి రాయించండి. మీ పుస్తకంలోని సింధు అధ్యాయానికి కూడా ఆమెతో ఇలాగే గుర్తులు పెట్టించవచ్చు.

కాలరేఖ

అధ్యాయాల వరుస మాత్రం మార్చకండి. కాదేశ్ బాగుందని దానితో మొదలుపెట్టాలనిపిస్తుంది కానీ, హమ్మురాబి ముందు వస్తాడు, ఆ అంశం చిన్నది కూడా, పద్ధతి అలవాటు కావడానికి అది చాలు. కాదేశ్ దగ్గరికి వచ్చినప్పుడు రామ్సెస్ శాసనాన్ని ముందు ఒంటరిగా ఇచ్చి, ఎవరు గెలిచారో ఆమె చేత ఒక వాక్యం రాయించి, తేదీ వేయించి పక్కన పెట్టండి. యుద్ధం తరువాత కాదేశ్ ఎవరి ఏలుబడిలో ఉందో చూపే పటం, సంధి పాఠాలు ఆ మరుసటి వారం ఇవ్వండి.