అప్‌డేట్: స్ప్రింగులు మార్చి కిందికి దించిన స్విఫ్ట్, అలైన్‌మెంట్ కుదిరింది

లోయరింగ్ స్ప్రింగులు వేశాక బండి కుడికి లాగుతోందని, ముందు ఎడమ టైరు లోపలి అంచున అరిగిపోతోందని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) కూడా చూపించమన్నవారి మాటే నిజమైంది. మా పర్లాకిమిడిలో టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కొలత) మాత్రమే సరిచేసేవారు. బరంపురం మెకానిక్ రీడింగ్ చూపించాడు: ఎడమ చక్రం పైభాగం కుడిదానికంటే బాగా లోపలికి వాలింది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసి ఉండే భాగం) కింది చివర, వాలు సరిచేసే క్యాంబర్ బోల్టులు వేసి రెండు వైపులా సమం చేశాడు. స్టీరింగ్ తిన్నగా నిలిపి, టో ఆఖరున పెట్టాడు. ఈ వరస చాలా ముఖ్యం, క్యాంబర్ కదిలిస్తే టో కూడా మారిపోతుంది. వీల్ బ్యాలెన్సింగ్, టైర్లు అటూఇటూ మార్చడం దీనికి పనికిరాలేదు. ఇప్పుడు కాశీనగర్ రోడ్డులో బండి తిన్నగా పోతోంది, పెద్ద టెన్షన్ తీరింది. అరిగిన టైరు మాత్రం మార్చక తప్పలేదు.